బాలింత గదిలో కుంపటి

మొన్న చలి బాగా ముదిరిన ఒక పొద్దున, మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్ భార్య ఇనుప బొచ్చెలో నిప్పులు పట్టుకొని తన గదిలోకి పోవడం బాల్కనీలోంచి చూశాను. ఆమెకు పాలు తాగే బిడ్డ ఉంది. లోపలికి పోయి కాలితో తలుపు నెట్టేసింది. ఆ గదికున్న ఒక్క కిటికీకి చలికాలం మొదట్లోనే అట్టముక్క అడ్డం పెట్టుకున్నారు. నేను లిఫ్టు కోసం ఆగలేదు. మోకాళ్ల నొప్పి సంగతి మెట్లన్నీ దిగాక గుర్తొచ్చింది.

తలుపు కొట్టి, బొచ్చె బయట పెట్టించి, అట్టముక్క తీయించాను. ఆ పిల్ల నామీద కోపం తెచ్చుకోలేదు. బిడ్డను కొంగులో చుట్టుకుంటూ, "పొగ గిట్ట లేదు కదవ్వా, మంచి నిప్పులే. ఏమైతది?" అని మాత్రం అడిగింది.

ఇంట్లోంచి ఒక రగ్గు తెచ్చి ఇచ్చి, గడప మీద కూర్చొని ఏమవుతుందో చెప్పాను. చెబుతుంటే ఎన్నో ఏళ్లుగా తలుచుకోని వాసనలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. వాము పొగ, వెల్లుల్లి కారం, ఇంకా ఆరని కొత్త సున్నం.

ఇప్పుడు విమానాలు దిగుతున్న చోటికి కొంచెం ఇవతల మా ఊరు ఉండేది. శంషాబాద్‌లో బస్సు దిగి, ద్రాక్ష తోటల పక్కనుంచి నడిచి పోవాలి. చలికాలం పొద్దున్నే దూరం నుంచి చూస్తే ఊళ్లో ప్రతి ఇంటి కప్పూ సన్నగా పొగ చిమ్ముతున్నట్టు కనిపించేది. అన్నీ గూనపెంకుల ఇళ్లు. పొయ్యి పొగ పెంకుల సందుల్లోంచి దానంతటది బయటికి పోయేది. వాన వచ్చినప్పుడు అదే సందుల్లోంచి నీళ్లు కారేవి. కింద గిన్నెలు పెట్టుకుంటూ మా బాపు ఆ పెంకులను తిట్టేవాడు.

మా ఇంటికి పెద్ద మా నాయనమ్మ. సన్నగా, వెదురు కట్టెలా ఉండేది. చలికాలం ఇల్లు ఎట్లా ఉండాలో ఆమెకొక లెక్క ఉండేది. పొద్దెక్కి ఎండ గడపలోకి రాగానే తలుపులన్నీ తీయించేది. రాత్రి కప్పుకున్న బొంతలు, గొంగళ్లు అన్నీ తెచ్చి గోడల మీద ఆరేయాలి. తడి బట్టలు ఇంట్లో ఆరేస్తే ఊరుకునేది కాదు, ఇంటికి జలుబు చేస్తుందనేది. మధ్యాహ్నానికి బొంతలు ఎండకు కాగి, పాత నూలు వాసన వేసేవి. మేము పిల్లలం గోడ మీది బొంతల్లో దూరి దాక్కునేవాళ్లం. ఆమె కట్టె పట్టుకొని బొంతల దుమ్ము దులుపుతుంటే ఆ దెబ్బలు ఒకటి రెండు మాకూ తగిలేవి. తెలిసి కొట్టేదో తెలియక కొట్టేదో మాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

సాయంత్రం చీకటి పడకముందే నడింట్లో పిడకల కుంపటి పెట్టేవాళ్లు. దాని చుట్టూ కూర్చొని చింతగింజలు వేయించుకునేవాళ్లం. అవి టప్పుమని పేలి ఎవరి ఒళ్లోనో పడేవి. పిడకల పొగకు కళ్లు మండి నీళ్లు కారేవి. ఇగ ఆగలేక ఎవరో ఒకరు లేచి తలుపు బార్లా తీసేవాళ్లు. చలిగాలి లోపలికి రాగానే అందరూ తిట్టేవాళ్లు. మళ్లీ మూసేవాళ్లు. సాయంత్రమంతా ఆ తలుపుతోనే సరిపోయేది.

నా చిన్నప్పుడు ఒక ఏడు మా బాపు ఇంటి పక్కన ఒక కొత్త గది కట్టాడు. ఊళ్లో మొదటి స్లాబ్ గది అదే. ద్రాక్ష పంట రెండేళ్లు వరుసగా బాగా రావడంతో ఆయనకు ఆ ధైర్యం వచ్చింది. గట్టి టేకు తలుపు, ఒకటే కిటికీ, దానికి ఇనుప రెక్కలు. లోపల తెల్లగా సున్నం వేయించాడు. చూడవచ్చిన వాళ్లను లోపలికి తీసుకుపోయి, తలుపు వేసి, చూడండి, చీమ దూరే సందు కూడా లేదని చెప్పేవాడు. నిజంగానే ఆ గదిలో మాట్లాడితే మాట మళ్లీ మనకే వినిపించేది.

మొదటి చలికాలం ఆ గది మా మేనత్తకు దక్కింది. మా బాపుకు ఒక్కతే చెల్లెలు. ఆమెను మంఖాల్ అనే ఊరికి ఇచ్చారు. పెళ్లయిన చాలా ఏళ్లకు కడుపు పండి, పురుటికి మా ఇంటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. గోధుమ రంగులో, తల నిండా జుట్టుతో, పిడికెడంత పిల్ల.

ఇక్కడ మా నాయనమ్మ సంగతి ఒకటి చెప్పాలి. మా మేనత్త తర్వాత ఆమెకు ఇంకో బిడ్డ పుట్టిందట. చలికాలంలోనే పుట్టి, పురుటి స్నానం కూడా కాకముందే పోయిందట. చల్లగాలి కొట్టిందని అందరూ అన్నారు. ఆ పూట తలుపు సగం తీసి ఉందని ఎవరో అన్నారట. ఎవరు తీశారో ఎవరికీ తెలియదు. మా నాయనమ్మ మాత్రం అది తానే తీశానని ముప్పై ఏళ్లుగా అనుకుంటూ వచ్చింది. మిగతా ఇంటికి ఆమె పెట్టిన తలుపుల లెక్క బాలింత గదికి వర్తించకపోవడానికి కారణం ఇదే. అక్కడ గాలి అంటే ఆమెకు చావు.

అందుకని కొత్త గది కిటికీని మూయించి, రెక్కల సందుల్లో గుడ్డపేలికలు కుక్కించింది. తలుపు కింద గోనెసంచి మడిచి పెట్టించింది. మా మేనత్త చెవుల్లో దూది, తలకు రుమాలు. పొద్దున సాయంత్రం వాము, సాంబ్రాణి పొగ. మా అమ్మ రెండు మూడుసార్లు నెమ్మదిగా చెప్పింది, మధ్యాహ్నం ఎండ ఉన్నప్పుడైనా కిటికీ కాస్త తీద్దామని, లోపల గాలి బరువుగా ఉంటుందని. మా నాయనమ్మ ఆ మాట వినిపించనట్టే పక్కకు తిరిగింది. మా అమ్మ రెట్టించే మనిషి కాదు.

గదిలో వేడికి ఏం పెట్టాలనే దగ్గర మా బాపు కల్పించుకున్నాడు. పిడకలు పెడితే తెల్లటి గోడలు నల్లబడతాయని ఆయన బాధ. శంషాబాద్ నుంచి ఒక సంచి కట్టెబొగ్గులు తెచ్చాడు. రాజేస్తే ఎర్రగా, అందంగా కాలేవి. పొగ లేదు, కళ్లు మండవు, గోడకు మసి లేదు. మా నాయనమ్మకు కూడా నచ్చింది. పొగ లేని నిప్పు పసిదానికి మంచిదే కదా అంది. ఇంట్లో అందరూ అదే అనుకున్నాం.

నాకా గది ప్రాణం. ఊరంతా పళ్లు కటకటలాడుతుంటే అక్కడ వెచ్చగా ఉండేది. పైగా గూట్లో కాయం డబ్బా ఉండేది. శొంఠి, పిప్పళ్లు, బెల్లం, నెయ్యి వేసి బాలింతల కోసం చేసే ముద్ద అది. నాలుక చురుక్కుమనేది, ఆ తర్వాత తియ్యగా దిగేది. మా మేనత్త కళ్లు మూసుకోగానే ఒక ముద్ద నోట్లో వేసుకొనేదాన్ని. ఆమె కళ్లు మూసుకొనే, ఇంకొకటి తీస్కో బిడ్డా అనేది. అప్పుడు ఇంకొకటి తీసుకునేదాన్ని.

ఒకరోజు అట్లాగే కుంపటి పక్కన చాలాసేపు కూర్చున్నాక నా తల దిమ్మెక్కింది. కణతలు కొట్టుకుంటున్నాయి. లేచి వాకిట్లోకి వచ్చి కక్కుకున్నాను. మా నాయనమ్మ నా నోరు వాసన చూసి, కాయం దొంగ దొరికిందని నవ్వింది. ఇంట్లో అందరూ నవ్వారు. బయట కాసేపు తిరిగితే తగ్గిపోయింది. ఆ తర్వాత మా మేనత్త కూడా తలనొప్పి అనడం మొదలుపెట్టింది. కళ్లు తిరుగుతున్నాయని, ఎంత పడుకున్నా మళ్లీ నిద్రే వస్తోందని చెప్పింది. చెవిలో గాలి పోయిందని మా నాయనమ్మ దూది మార్చి, కుంపట్లో ఇంకో రెండు దోసిళ్ల బొగ్గులు వేసింది. ప్రేమతోనే వేసింది.

ఆ తర్వాత ముసురు పట్టింది. చలికాలంలో పట్టే ముసురు వానకాలం వానకంటే చెడ్డది. పొద్దున్నుంచీ సన్నటి జల్లు, ఈదురుగాలి. ఎండ లేదు కాబట్టి పెద్దింటి తలుపులు కూడా తీయలేదు. మా నాయనమ్మ కొత్త గదిలో కుంపటి నిండా బొగ్గు రాజేసి, తల్లీబిడ్డలను పడుకోబెట్టి, తలుపు గట్టిగా దగ్గరికి వేసి వచ్చింది. ఆ పూట నన్ను లోపలికి పోనివ్వలేదు, తడి కాళ్లతో ఉన్నానని.

మధ్యాహ్నం మా అమ్మ పళ్లెంలో వేడి అన్నం, వెల్లుల్లి కారం, నెయ్యి వేసుకొని తీసుకుపోయింది. నేను ఆమె కొంగు పట్టుకొని వెనకే పోయాను. తలుపు నెట్టగానే వేడి మొహానికి కొట్టింది. పొగ లేదు, వాసన లేదు. మా మేనత్త నిద్రపోతున్నట్టే ఉంది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. మా అమ్మ పిలిచింది. మళ్లీ పిలిచింది. భుజం పట్టి కదిపితే తల ఒక పక్కకు వాలింది. పక్కన పాప కళ్లు సగం తెరిచి ఉన్నాయి, ఏడవడం లేదు.

పళ్లెం కింద పడిన చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది. మా అమ్మ పాపను ఎత్తుకొని ఒక్క ఉరుకున వాకిట్లోకి, ఆ జల్లులోకి వచ్చేసింది. మా బాపును కేకేసింది. ఆయన కొట్టంలోంచి వచ్చి, చెల్లెలిని రెండు చేతులతో ఎత్తుకొచ్చి అరుగు మీద పడుకోబెట్టాడు.

అప్పుడు మా నాయనమ్మ వంటింట్లోంచి వచ్చింది. ఆమెకు కనిపించింది ఒక్కటే. పసిబిడ్డ చలిగాలిలో, వాన తుంపరలో, ఒంటి మీద పలుచటి గుడ్డతో ఉంది. ఆమె మీదికి ఉరికి పాపను లాక్కోబోయింది. మా అమ్మ ఇవ్వలేదు. పాపను గుండెకు హత్తుకొని వెనక్కి జరిగింది.

"సలి గొట్టి సచ్చిపోతది. లోపటికి తేవే" అంది మా నాయనమ్మ. ఆ గొంతు ఆమెది కాదు.

"లోపటనే సచ్చిపోతున్నది అత్తమ్మా," అంది మా అమ్మ. "దానికి ఊపిరి ఆడుతలేదు. జర గాలి తగలనీ."

మా అమ్మ తన అత్తగారికి ఎదురు చెప్పడం నేను చూసింది అదొక్కసారే. ఇద్దరూ వాకిట్లో తడుస్తూ నిలబడ్డారు. మా నాయనమ్మ చేతులు చాచినవి చాచినట్టే ఉన్నాయి. ఆమె ఏం చేయాలో తేల్చుకోవడం నేను చూశాను. చేతులు దించింది. భుజం మీది కొంగు తీసి, పాప మీద తుంపర పడకుండా రెండు చేతులతో గొడుగులా పట్టుకొని నిలబడింది. లోపలికి మాత్రం తీసుకుపొమ్మనలేదు.

కేకలకు, మేము ఖాలా అని పిలుచుకునే పక్కింటి ముస్లిం ఆవిడ వచ్చింది. మా మేనత్త తలను ఒళ్లో పెట్టుకొని, మొహం మీద నీళ్లు చల్లి, చెంపలు రుద్దుతూ పేరు పెట్టి పిలుస్తూనే ఉంది. వాళ్లాయన కూరగాయలు మండీకి తోలే ట్రాలీ ఇంటిముందే ఉంది. అందులో టార్పాలిన్ కింద అందరూ ఎక్కారు. నన్ను దిగమనే తీరిక ఎవరికీ లేదు. మా మేనత్తను ఒక పక్కకు పడుకోబెట్టి, గాలి తగిలేలా టార్పాలిన్ ఒక వైపు ఎత్తి పట్టుకున్నాడు మా బాపు. దారిలో సగం దూరం పోయాక పాప మూలిగింది. తర్వాత చిన్నగా ఏడ్చింది. దాని ఏడుపు పెరుగుతుంటే మా అమ్మ కూడా ఏడ్చింది. మా నాయనమ్మ ఏడవలేదు. చలికి వణుకుతూ, ఆ ఏడుపు ఆగిపోతుందేమోనని పాప నోటి వైపే చూస్తూ కూర్చుంది.

శంషాబాద్ దవాఖానలో మా మేనత్తకు ముక్కుకు గొట్టం పెట్టి గాలి ఎక్కించారు. చాలాసేపటికి కళ్లు తెరిచింది. బిడ్డేదని అడిగింది. అక్కడి డాక్టరు వయసులో ఉన్నవాడు. గదిలో ఏమేమున్నాయో ఒక్కొక్కటే అడిగి తెలుసుకున్నాక ఆయనకు కోపం వచ్చింది. మూసిన గదిలో బొగ్గు కాలితే కంటికి కనిపించని, వాసన లేని విషపు గాలి పుడుతుందని, పెంకుటింట్లో అయితే సందుల్లోంచి పోయేదని, స్లాబ్ గదిలో దానికి పోయే దారే లేదని చెప్పాడు. ఇంకొంచెం ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవాళ్లు కాదన్నాడు. చివరికి, ఆ కుంపటి పెట్టిన తెలివిగల వాళ్లెవరని గట్టిగా అడిగాడు.

మా నాయనమ్మ ముందుకు వచ్చింది. నోరు తెరిచింది. 

"మేమే పెట్టినం సారూ," అంది మా అమ్మ. "ఇంట్ల అందరం కలిసి పెట్టినం."

 బొగ్గు తెచ్చినందుకో, చీమ దూరని గది కట్టినందుకో, మా బాపు తల ఎత్తలేదు.

తల్లీబిడ్డలు కోలుకొని ఇంటికి వచ్చారు. మా మేనత్తకు చాలా రోజులు తల బరువుగానే ఉండేది, చెప్పిన మాట మరిచిపోయేది. ఎండాకాలం వచ్చేసరికి అదీ తగ్గింది. వాళ్లు తిరిగి రాకముందే మా బాపు మేస్త్రీని పిలిచి, తాను ముచ్చటపడి కట్టించుకున్న గోడలకు పైన ఎదురెదురుగా గాలి పోయే రెండు రోషన్‌దాన్లు కొట్టించాడు. సున్నం పెచ్చులు రాలుతుంటే పక్కన నిలబడి చూశాడు. కుంపటి వాకిట్లోకి మారింది. లోపల బాలింతకు వేడినీళ్ల సీసాలు గుడ్డలో చుట్టి కాళ్ల దగ్గర పెట్టేవాళ్లు. మధ్యాహ్నం ఎండ పడినంతసేపు కిటికీ తీసి, తల్లీబిడ్డలను గాలి సూటిగా తగలని మూలకు జరిపేవాళ్లు. ఇవన్నీ మా అమ్మ చేసింది. మా నాయనమ్మ ఆ గదిలోకి అడుగు పెట్టడం మానేసింది. పాపను చూడాలనిపిస్తే గడప బయట నిలబడి చూసేది. ఎత్తుకొమ్మంటే చేతులు మంచిగా లేవనేది.

ఊళ్లో వాళ్లకు మా అమ్మ అసలు సంగతి చెప్పలేదు. మేనత్తకు జ్వరం తలకెక్కిందని, దవాఖానకు తీసుకుపోయామని, అంతే. ఖాలా కూడా నోరు విప్పలేదు. ఏ కోడలికైనా అత్తమీద గెలవడానికి అంతకంటే మంచి అదను రాదు. మా అమ్మ దాన్ని అట్లాగే వదిలేసింది.

మరుసటి చలికాలం మా అమ్మకే కాన్పు వచ్చింది. మూడోది కాబట్టి పుట్టింటికి పోలేదు. అదే గదిలో మా తమ్ముడు పుట్టాడు. బిడ్డకు నీళ్లు పోయాల్సిన రోజు మంత్రసాని వస్తానంటే మా అమ్మ వద్దంది. అత్తమ్మను పిలవమని నన్ను పంపింది. మా నాయనమ్మ గడప దాకా వచ్చి ఆగిపోయింది.

"నా చేతుల పెట్టకు బిడ్డా," అంది.

"ఇంకెవలి చేతుల పెట్టాలె?" అంది మా అమ్మ. అని, పసివాడిని గడప మీదుగా ఆమె చేతుల్లోకి అందించేసింది. ఇక పట్టుకోక తప్పలేదు.

వాకిట్లో ఎండలో, కాళ్లు బార్లా చాపుకొని, వాడిని కాళ్ల మీద బోర్లా వేసుకొని, నలుగు పెట్టి నీళ్లు పోసింది. వాడు గుక్కపెట్టి ఏడుస్తుంటే ఆమె మొహం ఎట్లా ఉందో నేను ఇప్పుడు చెప్పలేను. నవ్వుతోందనే అనుకున్నాను, కాని కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. వేడినీళ్ల ఆవిరి అనుకున్నాను.

తర్వాతి సంవత్సరాల్లో ఊళ్లో ఒక్కొక్కరే స్లాబ్ గదులు వేయడం మొదలుపెట్టారు. ఒక చలికాలం, ఊరి చివర ఇంట్లో కొత్త గదిలో బాలింత ఉందని, పొగ రాని బొగ్గు తెచ్చుకున్నారని నీళ్ల దగ్గర ఎవరో అన్నారు. మా నాయనమ్మ ఆ మాట విని ఇంటికి వచ్చి, కడవ దించి, ఏమీ చెప్పకుండా బయలుదేరింది. మా అమ్మ చూసి ఆమె వెనకే పోయింది, మా అమ్మ వెనక నేను.

ఆ ఇంటివాళ్లకూ మాకూ పెద్దగా రాకపోకలు లేవు. మా నాయనమ్మ పిలవని ఇంటికి పోయే మనిషి కాదు. అయినా పోయి వాళ్ల కొత్త గది గడప మీద కూర్చుంది. ముందు కుంపటి బయట పెట్టమంది. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పొగ లేదు కదా పెద్దమ్మా అన్నారు.

అప్పుడు చెప్పింది. మా అమ్మ వంక చూడకుండా, నేల వంక చూస్తూ చెప్పింది.

"నా బిడ్డను, నా మనవరాలిని నేనే సంపుకుందును. పొగ లేదనే పెట్టిన. తలుపు నేనే మూసిన. నా కోడలు తెరువుమన్నది, నేను ఇనలే."

అప్పటిదాకా ఆ మాట మా ఇంటి గడప దాటలేదు. దాటకుండా చూసింది మా అమ్మ. ఇప్పుడు ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నిలబడిపోయింది. ఆ ఇంటివాళ్లు కుంపటి బయటికి తెచ్చారు. వచ్చేటప్పుడు దారిలో రాళ్లున్న చోట మా అమ్మ మా నాయనమ్మ మోచేయి పట్టుకుంది. రాళ్లు దాటాక కూడా వదల్లేదు.

ఆ తర్వాత, బతికినన్నాళ్లూ, ప్రతి చలికాలం మా నాయనమ్మ అదే పని చేసింది. ఏ ఇంట్లో బాలింత ఉందని తెలిసినా పోయేది. రావిర్యాల దాకా కూడా నడిచిపోయింది ఒకసారి. ఎప్పుడూ అవే మాటలు, అదే వరుసలో. ఒక మాట పెంచేది కాదు, తనకు సిగ్గయ్యే మాటను తప్పించేది కాదు. కొందరు వినేవాళ్లు. కొందరు ముసలిదాని చాదస్తం అని నవ్వేవాళ్లు. నవ్విన చోట ఆమె లేచి వచ్చేది కాదు, కుంపటి బయటికి వచ్చేదాకా గడప మీదే కూర్చునేది.